ఇష్టంతోనే కదా వాయించేది!

"మీ ఆయనకేమమ్మా, ఇష్టమైన పని చేసుకుంటున్నాడు. అదృష్టవంతుడు."

పెళ్లయిన ఈ పదహారేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! పేరంటాల్లో, లిఫ్టులో, స్కూలు గేటు దగ్గర, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా. మా ఆయన గిటారిస్టు. హైదరాబాద్ పబ్బుల్లో వారానికి మూడు రాత్రులు బ్యాండుతో వాయిస్తారు. సినిమాలకి వాయించరు, టీవీలో కనపడరు. కాబట్టి పేరు అడక్కండి, చెప్పినా మీకు తెలీదు.

ఆ మాట వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ దాని వెనకాల వచ్చే వాక్యం ఎప్పుడూ డబ్బు గురించే. "కాస్త తగ్గించుకోండి", "పేమెంటు వచ్చే నెల చూద్దాం", "ఈసారికి ఊరికే వాయించండి, పేరొస్తుంది". ఇష్టపడి చేస్తున్నాడు కాబట్టి పూర్తిగా ఇవ్వక్కర్లేదు అన్నమాట. దంతాల డాక్టరుకి కూడా తన పనంటే ఇష్టమే అయి ఉండొచ్చు. ఆయన్ని ఎవరైనా "మీకు ఇష్టమే కదండీ, ఈ పన్ను ఊరికే పీకండి" అంటారా?

అసలు ఒక శనివారం అంటే ఏమిటో చెప్తాను. జనానికి కనపడేది రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, మధ్యలో రెండు బ్రేకులు. మా ఇంట్లో అది మధ్యాహ్నం మూడింటికే మొదలవుతుంది. నిజాంపేట నుంచి జూబ్లీహిల్స్‌కి శనివారం ట్రాఫిక్‌లో గంటన్నర. గిటారు, పెడల్ బోర్డు, వైర్ల సంచీ, స్టాండు... ఇవన్నీ స్కూటరు మీద పోవు, క్యాబే కావాలి. కస్టమర్లు రాకముందే సౌండ్ చెక్ అయిపోవాలి కాబట్టి అయిదుకల్లా అక్కడుండాలి. ఆరున్నరకి సౌండ్ చెక్ అయిపోతే, ఎనిమిదిన్నర దాకా ఎక్కడ కూర్చుంటారనుకున్నారు? లోపల కుర్చీలు కస్టమర్లకి. వీళ్లు సెల్లారులో, కార్ల మధ్య. మొదట్లో ఒక చోట భోజనం పెడతామన్నారట. పదకొండున్నర తర్వాత వెళ్తే గిన్నెల్లో ఏం మిగల్లేదట. అప్పటినుంచి నేను డబ్బా కట్టి పంపిస్తాను. పులిహోర అయితే పాడవదు, చెంచా కూడా అక్కర్లేదు. మా డ్రమ్మరు అబ్బాయి నా పులిహోర కోసమే శనివారాలు వస్తానంటాడు. (ఆ ఒక్క పొగడ్త మాత్రం నేను తీసుకుంటాను.)

ఇంటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. చెవుల్లో గుయ్‌మంటూ ఉంటుంది, నిద్ర పట్టదు. చెవులకి ఎనిమిది గంటలు తట్టుకోగల హద్దు 85 డెసిబెల్స్ అనీ, మోత 100 డెసిబెల్స్‌కి చేరితే పావుగంట దాటకూడదనీ అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ చెప్తుంది. వీళ్లు డ్రమ్స్ పక్కన, స్పీకర్ల ముందు మూడు గంటలు నిలబడతారు. ఇయర్ ప్లగ్గులు కొనుక్కోవాల్సింది మేమే. రేపు చెవి పోతే ఆసుపత్రి ఖర్చూ మాదే.

ఇప్పుడు డబ్బు లెక్క. మా ఇంట్లో పుస్తకం రాసేది నేనే కాబట్టి పైసలతో సహా తెలుసు. బ్యాండుకి ఆ రాత్రికి 22,000 అనుకున్నాం. పని తెచ్చిన కోఆర్డినేటర్‌కి పది శాతం, 2,200. టీడీఎస్ పది శాతం, ఇంకో 2,200. అది తర్వాత రిటర్ను వేస్తే తిరిగొస్తుంది, ఆ తతంగం కూడా నాదే. మిగిలిన 17,600ని అయిదుగురు పంచుకుంటే తలకి 3,520. రానూపోనూ క్యాబు 900. ప్రాక్టీసు గది అద్దెలో వాటా, తెగిన తీగల ఖర్చు ఒక 400. చేతికి 2,220. దాని వెనక ఆ రోజు పది గంటలు, అంతకుముందు ప్రాక్టీసులు రెండు మధ్యాహ్నాలు. మొన్న వచ్చిన సినిమా పాట ఈ శనివారానికి రావాలి, తెలుగు, హిందీ, తమిళం, ఇంగ్లీషు కలిపి అరవై డెబ్బై పాటలు చేతిలో ఉండాలి. ఆ 2,220 అయినా ఆ రాత్రి రాదు. నలభై అయిదు రోజులకి వస్తే మంచి పబ్బు. ఒక్క పెద్ద టేబుల్ వాళ్లు ఆ రాత్రి కట్టే బిల్లు మా అయిదుగురి డబ్బుకీ సమానం. ఆ టేబుల్ వాళ్లు వచ్చింది కూడా గోడ మీద "తెలుగు అన్‌ప్లగ్డ్ నైట్" అని బోర్డు చూసే. వాళ్ల బిల్లు మాత్రం అక్కడికక్కడే, కార్డు గీకితేనే బయటికి.

ఎన్నికలొస్తే పోలింగు ముగిసేదాకా 48 గంటలు మందు అమ్మకూడదు, ఓట్ల లెక్కింపు రోజూ అంతే. గాంధీ జయంతి సరేసరి. ఆ రోజుల్లో వాయింపు లేదు, డబ్బు లేదు. పబ్బు మేనేజరుకి జీతం పోదు, వంటవాడికి పోదు. 2020 మార్చిలో మూసేసిన పబ్బులు నెలల తరబడి తెరవలేదు, అప్పుడు మా కీబోర్డు ఆయన తన కీబోర్డే అమ్మి అద్దె కట్టాడు. 2022 సెప్టెంబరులో రాత్రి పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దని హైకోర్టు ఆదేశాలిచ్చింది, తర్వాత వాటి పరిధి తగ్గింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల బాధ నిజమే. పరీక్షలకి చదువుకునే పిల్ల మా ఇంట్లోనూ ఉంది, ఆ మోత నా కిటికీ కింద ఉంటే నేనూ ఫిర్యాదు చేసేదాన్నే. నేను చెప్పేది వేరే. ఆ రోజుల్లో పది తర్వాత బారు నడిచింది, వంటిల్లు నడిచింది. ఆగిపోయింది బ్యాండు ఒక్కటే. నష్టం వచ్చినప్పుడు మొదట కోసేది ఎవర్నో చూస్తే చాలు, ఎవర్ని పనివాళ్లుగా లెక్కేస్తున్నారో తెలిసిపోతుంది.

పాట రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ 2012 కాపీరైటు సవరణతో రాయల్టీ హక్కు గట్టిపడింది. చాలా మంచిపని. పబ్బులో పాట మోగితే లైసెన్సు డబ్బు కట్టాలి. ఏసీ తిరిగితే కరెంటు బిల్లు కట్టాలి. ఇవి ఆపితే నోటీసులొస్తాయి. మా ఆయన డబ్బు ఆపితే ఏమొస్తుంది? నా ఫోనొస్తుంది. అంతే.

ఇంకో తమాషా. ఇప్పుడు అన్నం పార్సిల్ తెచ్చే కుర్రాళ్లని, క్యాబు నడిపేవాళ్లని గిగ్ వర్కర్లు అంటున్నాం కదా. ఆ "గిగ్" అన్న మాట అమెరికాలో, ఇంగ్లండులో వందేళ్లుగా వాద్యకారులు వాడుకుంటున్నది. ఒక రాత్రి వాయింపుని వాళ్లు గిగ్ అనేవారు. 2020లో మన పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ మాట చట్టంలోకి ఎక్కింది. యాప్‌లు నడిపే కంపెనీలు టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం ఆ పనివాళ్ల సంక్షేమ నిధికి ఇవ్వాలన్నారు. డెలివరీ పిల్లలకి రావాల్సిందే, ఇంకా ఎక్కువ రావాలి. కానీ పబ్బు యాప్ కాదుగా! మాటేమో వీళ్లది, నిధి కట్టేవాళ్ల జాబితాలో వీళ్లకి పని ఇచ్చేవాడు లేడు. సినిమాలకి వాయించేవాళ్లకి యూనియన్లున్నాయి. పబ్బుల్లో వాయించేవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపుంది, అందులో "ఆ పబ్బు డబ్బులెగ్గొట్టింది, వెళ్లకండి" అని ఒకరు పెడితే మర్నాడు ఇంకో బ్యాండు అక్కడ వాయిస్తూ ఉంటుంది.

ఇంగ్లండులో వాద్యకారులు 1893లోనే మాంచెస్టర్‌లో సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది. ఊరికే వాయించమనేవాళ్ల మీద "ఇది పని, ఆట కాదు" అని ఉద్యమం కూడా చేశారు. వాళ్ల భాషలో వాయించడానికీ ఆడుకోవడానికీ ఒకటే మాట, పాపం ఆ గందరగోళం ఉంది. మనకి అదీ లేదు. మనది శుభ్రంగా రెండు వేర్వేరు మాటలున్న భాష. అయినా అదే బుద్ధి!

మరి ఆ ఇంకో బ్యాండు ఎవరు అంటారా? కొందరు మాలాంటి అవసరంలో ఉన్నవాళ్లే. కొందరు వారమంతా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి శనివారం సరదాకి వాయించేవాళ్లు. బంగారంలాంటి పిల్లలు, బాగా వాయిస్తారు కూడా. డబ్బు వద్దండీ, రెండు బీర్లు, ఒక ప్లేటు చికెన్ చాలు అంటారు. బాబూ, మీ సరదా మీకుండాలి, నేను కాదనను. మీ ఫ్లాటులో వాయించుకోండి, పార్కులో వాయించండి, అనాథాశ్రమంలో వాయించండి. కానీ మందు అమ్మి లాభం చేసుకునే చోట మీరు ఊరికే వాయిస్తే, మీరిచ్చిన ఆ కానుక ఎవరికి చేరిందో ఆలోచించారా? సంగీతానికి కాదు, పబ్బు యజమానికి. ఎవరి జేబులోంచి పోయిందీ అంటే, మా పిల్ల స్కూలు ఫీజులోంచి. మీ ఆఫీసులో రేపు ఎవరైనా వచ్చి "నాకు కోడింగంటే ఇష్టం, జీతమొద్దు, లంచ్ పెట్టండి" అంటే మీకెలా ఉంటుంది?

ఇక మన ఆడవాళ్ల దగ్గరికొస్తాను. పబ్బువాడు వ్యాపారి, బేరం చేస్తాడు. మనం చేసేది అంతకంటే తక్కువేం కాదు.

మా పిన్ని కూతురి పెళ్లి మాఘమాసంలో అయింది. ఇప్పుడు మనవాళ్లలోనూ సంగీత్ లేకుండా పెళ్లి లేదు కదా. పిన్ని ఫోన్ చేసింది. "అమ్మలూ, శనివారం సంగీత్. మీ ఆయన్ని బ్యాండుతో రమ్మను. మనవాడే కదా, ఓ రెండు గంటలు వాయిస్తే పిల్లలు సంబరపడతారు. అందరికీ భోజనాలిక్కడే."

"ఫోటోగ్రాఫరుకి ఎంతిచ్చారు పిన్నీ?" అన్నాను.

"అబ్బో, అడ్వాన్సే యాభై వేలు తీసుకున్నాడమ్మా!"

"మెహందీ అమ్మాయికి?"

"చేతికింతని. అదీ ముందే."

"ఈయన ఒక్కరే అయితే చెల్లికి పెళ్లికానుకగా వచ్చి వాయిస్తారు, ఒక్క రూపాయి వద్దు. మిగతా నలుగురూ మనకి ఏమవుతారు పిన్నీ? వాళ్లకి ఆ శనివారం పోతుంది కదా. నలుగురికీ కలిపి పద్దెనిమిది వేలు చెప్తాను, సగం అడ్వాన్సు."

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇష్టంతో చేసేదానికి కూడా లెక్కలేమిటే" అంది. చివరికి నలభై వేలిచ్చి డీజేని పెట్టుకున్నారు. మేం పెళ్లికెళ్లాం, 2,116 చదివించాం, భోంచేసి వచ్చాం. పిన్ని రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఫరవాలేదు. ఆ శనివారం నలుగురి ఇళ్లలో డబ్బు పోలేదు.

మా అమ్మమ్మ కాలంలో ఇలా ఉండేది కాదు. సన్నాయి మేళం వాళ్లని ఎవరూ "మనవాళ్లే కదా" అనలేదు. తాంబూలంలో పెట్టి ఇచ్చి, భోజనం పెట్టి, బట్టలు పెట్టి పంపేవారు. "మేళగాడి కడుపు కాలిస్తే సూత్రం వేళకి గట్టిమేళం ఎవరు వాయిస్తారే" అనేది ఆవిడ. కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి నాటకాల వాళ్లు తరాల తరబడి కుటుంబాలకి కుటుంబాలే స్టేజీ మీద బతికారు. పద్యానికి వన్స్‌మోర్లు కొట్టిన జనం టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చినవాళ్లే.

"అదంతా సరేనమ్మా, కానీ పబ్బేమిటి? తాగేచోట!" అనేవాళ్లున్నారు. నాకు తెలిసినంతలో ఆ తాగేచోటికి శుక్రవారం శుక్రవారం వెళ్లేది అలా అనేవాళ్ల అబ్బాయిలూ అల్లుళ్లే. వాళ్లు కస్టమర్లు కాబట్టి మర్యాదస్తులు. వాళ్ల ముందు మంచినీళ్ల సీసా పెట్టుకుని మూడు గంటలు నిలబడి పనిచేసినవాడు మాత్రం చెడిపోయినవాడు! ఈ న్యాయం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మగవాడికే ఇలా ఉంటే, మా బ్యాండులో పాడే అమ్మాయి సంగతి వినండి. గుంటూరు వైపు పిల్ల. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, గొంతు విప్పితే గది నిశ్శబ్దమైపోతుంది. హాస్టలు గేటు రాత్రి పదికి మూసేస్తారు. అందుకని శనివారాలు మా హాల్లోనే పడుకుంటుంది. పాట మధ్యలో స్టేజీ మీదకొచ్చి సెల్ఫీ అంటారు. పాట కావాలని టిష్యూ కాగితం మీద రాసిస్తారు, కింద ఫోను నంబరు కూడా రాస్తారు. మేనేజరు బట్టల గురించి కోఆర్డినేటర్‌కి మెసేజీలు పెడతాడు. డ్రమ్మరు బట్టల గురించి ఎవరూ ఒక్కనాడూ అనలేదు, అతనేమో చిరుగుల ప్యాంటులో వస్తాడు. వాళ్లమ్మ ఊళ్లో అందరికీ "మా అమ్మాయి ఐటీ కంపెనీలో నైట్ షిఫ్టు" అని చెప్పింది. ఎందుకంటే నైట్ షిఫ్టు అంటే గౌరవం, రాత్రిపూట పాటంటే అనుమానం. ఆ తల్లిని నేనేమీ అనలేను. ఆవిడ చేత అబద్ధం ఆడిస్తున్నది చుట్టుపక్కల ఆడవాళ్లే. మా అపార్ట్‌మెంటులోనే ఒకావిడ అడిగింది, "ఆ పిల్ల ఎవరండీ, ఆదివారాలు పొద్దున్నే మీ ఇంట్లోంచి వెళ్తుంది?" అని. సింగర్ అన్నాను. "అయ్యో, పెళ్లెవరు చేసుకుంటారు?" అంది. ఆవిడ కూతురు టీవీ పాటల పోటీ ఆడిషన్ల కోసం తిరుగుతోంది!

నాకు ఇంత కోపం ఎందుకో చెప్తాను. "ఇష్టంతో చేసేదానికి లెక్కలేమిటి" అన్న మాట నేను మొదట విన్నది మా ఆయన గురించి కాదు. వంటింట్లో విన్నాను. మీరూ వినే ఉంటారు. పిల్లల్ని ప్రేమతో పెంచుతాం కాబట్టి అది పని కాదు. వంట ప్రేమతో చేస్తాం కాబట్టి దానికి లెక్కలేదు. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది, మగవాళ్లు 97. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు, మన కృష్ణా జిల్లా ఆయనే, గృహిణి పనికి ఆదాయం కట్టి లెక్కించాలని వివరంగా రాశారు. దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు తమ ముఖ్యమైన పని ఇంటిపనే అని 2011 జనాభా లెక్కల్లో చెప్పుకున్నారని కూడా అందులో ఉంది. చచ్చిపోయాక అయినా కోర్టులో లెక్క కడుతున్నారు, సంతోషం. ఆ తీర్పు వాట్సాప్‌లో వచ్చినప్పుడు చప్పట్ల బొమ్మలు పెట్టినవాళ్లలో మా పిన్ని కూడా ఉంది. అదే పిన్ని, అదే ఫోను. ప్రేమ ఉన్నచోట డబ్బు అడగకూడదన్న మాట మన నెత్తిన రుద్దితే మనకి మండుతుంది, ఇంకొకరి నెత్తిన రుద్దడానికి మాత్రం అదే మాట తీస్తాం.

ఉగాది నుంచి మా బ్యాండు ఒక పద్ధతి పెట్టుకుంది. సగం అడ్వాన్సు లేకపోతే తేదీ ఇవ్వరు. మిగతా సగం పదిహేను రోజుల్లో. రాత్రి భోజనం ఆట మొదలవకముందే పెట్టాలి. పాడే అమ్మాయికి క్యాబు పబ్బుదే. ఫోన్లు నేను మాట్లాడతాను, ఎందుకంటే అయిదుగురికీ డబ్బు అడగాలంటే మొహమాటం, నాకు లేదు. డ్రమ్మరు అబ్బాయి మొదట ఒప్పుకోలేదు, అతనికి బైకు ఈఎంఐ ఉంది, "వదినా, ఉన్నది కూడా పోతుందేమో" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. మూడు పబ్బుల్లో రెండు ఒప్పుకున్నాయి. ఒకటి మమ్మల్ని పిలవడం మానేసింది. ఆ నెల ఇంట్లో ఎనిమిది వేలు తగ్గాయి, పాప డాన్సు క్లాసు ఒక నెల ఆపాం.

ఆ మానేసిన పబ్బు మాకు ఇంకా 66,000 బాకీ, మూడు శనివారాలది. మొన్న గురువారం వాళ్ల మేనేజరు ఫోన్ చేశాడు. డిసెంబరు 31కి ఇప్పటినుంచే బ్యాండ్లని మాట్లాడుకుంటున్నారట, మా వాళ్లయితే జనం వస్తారట, రేటు రెట్టింపు ఇస్తాడట. పాత బాకీ పడ్డాక తేదీ మాట్లాడదాం అన్నాను. "మేడమ్, మీ సార్‌కి స్టేజీ అంటే ఎంతిష్టమో నాకు తెలుసు, మీరే అడ్డుపడుతున్నారు" అన్నాడు. బ్యాంకు ఖాతా నంబరు మళ్లీ పంపించాను. నెలాఖరు దాకా చూస్తాం. పడకపోతే ఆ రాత్రి మా ఆయన ఇంట్లో ఉంటారు. మా అమ్మాయి పుట్టాక ఒక్క డిసెంబరు 31 రాత్రి కూడా ఆయన ఇంట్లో లేరు. అది ఇప్పటినుంచే కేకు ఏది తేవాలో అడుగుతోంది.